ఒక్కరే ఆడే నాటకం – నాలుగో పాఠం: ఎదురుగా లేని మనిషి

మూడు పాఠాలు దాటాం. మొదటి పాఠంలో మీ ఇంటి కథలోంచి ఒకే ఒక్క సంఘటన ఎంచుకున్నారు. రెండో పాఠంలో దాన్ని కాగితం మీద పెట్టి, సగానికి కోసేశారు. మూడో పాఠంలో కాగితం పక్కన పడేసి, లేచి నిలబడి, గొంతెత్తి చెప్పడం మొదలుపెట్టారు. ఇప్పటికి మీ దగ్గర అయిదు నిమిషాల ముక్క ఒకటి తయారై ఉండాలి. ఇంకా కాకపోతే ఈ పాఠం ఇక్కడే ఆపి, ముందు ఆ పని చూసుకోండి. నోటితో చెప్పిన ముక్క లేకుండా ఈ పాఠం చదివితే ఏమీ ఒంటబట్టదు.

ఉన్నవాళ్లు ఆ ముక్కను ఒకసారి మొదటినుంచి చివరిదాకా చెప్పుకోండి. ఎక్కడో ఒకచోట మీరు కాకుండా ఇంకొకరు మాట్లాడే సందర్భం వస్తుంది. నాన్నో, అత్తో, నానమ్మో, అన్నయ్యో. అక్కడికి రాగానే చాలామంది చేసేది ఒకటే. "అప్పుడు నాన్న ఏమన్నాడంటే..." అని, గొంతు బొంగురు చేసి, ఒక ముక్క అనేసి, గబుక్కున మళ్లీ తమ గొంతులోకి వచ్చేస్తారు. నాన్న వచ్చినట్టే వచ్చి మాయమైపోతాడు. చూసేవాళ్లకి మిగిలేది ఆ బొంగురు గొంతే.

ఈ పాఠమంతా ఆ ఒక్క చోటు గురించే. ఇంటి కథను ఒక్కరే ఆడటంలో ఒక చిక్కుంది. ఇల్లన్నాక కనీసం ఇద్దరుంటారు, వేదిక మీద మాత్రం మీరొక్కరే. మిగతావాళ్లు అక్కడున్నారని ప్రేక్షకులు ఎప్పుడు నమ్ముతారంటే, మీరు వాళ్లలా మాట్లాడినప్పుడు కాదు, వాళ్ల మాట మీరు విన్నప్పుడు. నా మాట ఇప్పుడే ఒప్పుకోనక్కర్లేదు. కింద ఉన్నవి చేసి చూసి, అప్పుడు చెప్పండి.

పోలికతో పనిలేదు

నేరెళ్ల వేణుమాధవ్ మిమిక్రీ చేస్తుంటే జనం ఎందుకు అంతలా చప్పట్లు కొట్టేవారు? ఆయన అనుకరించిన గొంతులు జనానికి ముందే తెలుసు. సినిమా నటుడి గొంతో, నాయకుడి గొంతో తెలిసినదే కాబట్టి, ఆయన గొంతులోంచి అది వచ్చేసరికి ఆశ్చర్యపోయారు. మీ నాన్న గొంతు మీ ప్రేక్షకుల్లో ఎవరికి తెలుసు? మీ చెల్లెలు వచ్చి కూర్చుంటే ఆమెకొక్కదానికి తెలుసు. మీరు ఆ గొంతును అచ్చుగుద్దినట్టు దించినా, మిగతా హాలుకి అది ఎవరో ముసలాయన గొంతు మాత్రమే.

కాబట్టి పోలిక కోసం పడే శ్రమంతా దండగ. ఇది విని కొందరికి నిరాశ కలగొచ్చు, ఎందుకంటే ఇంట్లోవాళ్లని అనుకరించడం చాలామందికి చిన్నప్పటినుంచీ ఉన్న విద్య. ఉంటే మంచిదే, పెళ్లిళ్లలో పనికొస్తుంది. నాటకంలో ప్రేక్షకుడు గుర్తుపట్టగలిగేది మీ నాన్నను కాదు, మీకూ మీ నాన్నకూ మధ్య ఉన్న దూరాన్ని. ఎందుకంటే అలాంటి దూరం అతనింట్లోనూ ఉంది.

ముందు ఒకవైపే మాట్లాడండి

ఇంకొక మనిషిని వేదిక మీదికి తేవడానికి మూడు దారులున్నాయి. ఒకటి, వాళ్ల గురించి చెప్పడం. ఇది మీకు వచ్చు. రెండు, వాళ్లుగా మారిపోవడం. మూడు, వాళ్లు ఎదురుగా ఉన్నట్టు వాళ్లతో మాట్లాడటం. అందరూ రెండో దారికి ఎగబడతారు. మనం మూడోదానితో మొదలుపెడదాం. దీనికి నటన తక్కువ చాలు, కానీ నేర్పేది ఎక్కువ.

ఇది చాలా పాత దారి కూడా. సంస్కృత నాటకశాస్త్రం చెప్పే పది రూపకాల్లో, అంటే నాటక రకాల్లో, భాణం ఒకటి. ఒకే అంకం, ఒకే నటుడు. ఆ నటుడు మామూలుగా విటుడి పాత్రలో, అంటే విలాసాలు మరిగిన మాటకారిగా ఉంటాడు. వీధివెంట పోతూ కనబడ్డవాళ్లందరినీ పలకరిస్తాడు. కనబడ్డవాళ్లు మాత్రం వేదిక మీదికి రారు. వాళ్ల మాట తనకు వినబడినట్టు ఆగి, "ఏమంటున్నావు? ఫలానా అంటున్నావా?" అని తనే ఒకసారి అని, దానికి జవాబు చెబుతాడు. దీన్ని ఆకాశభాషితం అంటారు. 'చతుర్భాణి' పేరుతో దొరికిన నాలుగు పాత భాణాల్లో నడిచేది ఈ పద్ధతే. వీధి వీధంతా ఒక్కడి చెవుల్లోంచి మనకి వినబడుతుంది.

ఇదే పద్ధతిని ఈనాటి ఇంట్లోకి తెద్దాం. ఒక కల్పిత సన్నివేశం తీసుకుంటాను. ఒకమ్మాయి పేరు సుబ్బలక్ష్మి. వాళ్ల నాన్న తన తల్లి పేరు కూతురికి పెట్టుకున్నాడు. ఇప్పుడామె దూరాన ఎక్కడో ఉద్యోగం చేస్తోంది. ఆఫీసులో ఉండగా నాన్న ఫోన్ చేశాడు. మాట్లాడుతుంటే పక్కనుంచి ఎవరో ఆమెను "లకీ" అని పిలిచారు. నాన్నకి వినబడింది.

భాణం పద్ధతిని ఉన్నదున్నట్టు వాడితే ఇలా ఉంటుంది:

"ఏంటి నాన్నా? లకీ ఎవరంటావా? నేనే నాన్నా. ఏంటి? నీ పేరు అది కాదు కదా అంటావా? ఆఫీసులో అలా పిలుస్తారు. ఏంటి? నానమ్మ పేరుకేం వచ్చింది అంటావా?"

నాలుగు వాక్యాలయ్యేసరికి హాల్లో నవ్వులు మొదలవుతాయి, మీరు కోరుకోని చోట. ప్రతి మాటనూ తిరిగి అప్పజెబుతుంటే అది ఫోన్ కామెడీ అయిపోతుంది. ఇప్పుడు అదే సన్నివేశం, అప్పజెప్పడాలన్నీ తీసేసి:

"నేనే నాన్నా.

(ఆగి) ఆఫీసులో అలాగే పిలుస్తారు.

(ఆగి) చెప్పా. పూర్తిపేరు వాళ్లకి నోరు తిరగదు.

(ఆగి) నేనేం పెట్టుకోలేదు, వాళ్లే...

(ఎక్కువసేపు ఆగి) నానమ్మకీ దీనికీ ఏంటి సంబంధం?"

నాన్న మాట ఒక్కటి కూడా లేదు. అయినా ఆయన ఏమన్నాడో మీకు తెలిసింది. చదువుతున్నప్పుడు ఆ మాటలు మీ మనసులో ఎవరి గొంతుతో వినబడ్డాయో కూడా మీకే తెలుసు. హాల్లో వందమంది ఉంటే వందమందీ ఆ ఖాళీల్లో తమ నాన్నల్ని కూర్చోబెడతారు. ఇది మీరు ఎంత బాగా నటించినా రాని లాభం.

నాలుగో వాక్యం మళ్లీ చూడండి. "నేనేం పెట్టుకోలేదు, వాళ్లే..." అని మధ్యలో ఆగిపోయింది. ఆమె అబద్ధం చెబుతోందని మనకి అనుమానం వస్తుంది. ఆ పొట్టిపేరు ఆమె తనే పెట్టుకుని ఉండొచ్చు. నాన్నకీ అదే అనుమానం వచ్చింది కాబట్టే మధ్యలో అందుకున్నాడు. తర్వాత వచ్చే పెద్ద విరామంలో ఆయన వాళ్లమ్మ గురించి ఏదో అన్నాడు. ఏమన్నాడన్నది చెప్పకపోవడమే మంచిది. మన సంప్రదాయంలో పెద్దల పేర్లు ఎందుకు పెట్టుకుంటారో వివరించే వాక్యం ఒకటి ఇక్కడ దూర్చాలని చెయ్యి దురద పెడుతుంది. వద్దు. "నానమ్మకీ దీనికీ ఏంటి సంబంధం?" అన్న ప్రశ్నలోనే అదంతా ఉంది. సంస్కృతి గురించి చెప్పాలనుకునేవాళ్లు ఎక్కువగా దెబ్బతినేది ఇక్కడే. ఇంట్లోవాళ్లు ఒకరికొకరు ఎప్పుడూ చెప్పుకోని విషయాన్ని పాత్రల నోట పెడితే, ఆ క్షణంలో ఇల్లు పోయి తరగతి గది వస్తుంది.

అలాగని తిరిగి అప్పజెప్పడాన్ని పూర్తిగా మానేయమని కాదు. నమ్మలేని మాట విన్నప్పుడు మనం నిజంగానే తిరిగి అంటాం. "మార్చుకోమంటున్నావా?" అని ఒక్కసారి, ఒకే ఒక్కసారి, అది తట్టుకోలేని మాటైనప్పుడు. దానికోసం దాచుకోండి.

అభ్యాసం: మీ ముక్కలో అవతలి మనిషి మాట్లాడే చోటు తీసుకోండి. మీ మాటలు మాత్రమే మిగిల్చి రాయండి. తర్వాత వేరే కాగితం మీద అవతలివాళ్ల మాటలన్నీ రాయండి, పూర్తి వాక్యాల్లో, వాళ్లు వాడే మాటల్లోనే. ఈ రెండో కాగితం ఎవరూ వినరు, ఎవరూ చూడరు. కానీ అది లేకుండా చేయొద్దు. మీరు ఆగిన ప్రతిచోటా ఆ వాక్యం మీ మనసులో మొదటి మాట నుంచి చివరి మాట దాకా నడవాలి. "ఇక్కడ రెండు సెకన్లు ఆగాలి" అనుకుని ఆగితే ఆగినట్టే ఉంటుంది, విన్నట్టు ఉండదు. తేడా మొబైల్‌లో రికార్డు చేసి చూస్తే ఇట్టే తెలిసిపోతుంది. వింటున్న మనిషి కళ్లు మధ్యలోనే మారతాయి, వాక్యం పూర్తికాకముందే నోరు తెరుచుకుంటుంది. ఊరికే ఆగిన మనిషి కళ్లు ఖాళీగా ఉంటాయి, తన వంతు రాగానే మళ్లీ వెలుగుతాయి.

ఆయన ఎక్కడున్నాడు?

ఇప్పుడు ఫోన్ తీసేద్దాం. ఫోన్ ఉంటే కళ్లు ఎటు తిరిగినా చెల్లిపోతుంది. నాన్న అదే గదిలో, మీ ఎదురుగా నిలబడి ఉన్నాడనుకోండి. వెంటనే ఒక ప్రశ్న: సరిగ్గా ఎక్కడ?

గోడ మీద టేపు ముక్క అంటించండి. అది నాన్న కళ్లు. నేరుగా ముందుకు కాకుండా కొంచెం పక్కకి, అంటే మీ ముక్కు చూసే దిక్కునుంచి ముప్ఫై, నలభై డిగ్రీల దాకా. అంతకంటే పక్కకి తిరిగితే ప్రేక్షకులకి మీ చెంప తప్ప ముఖం కనబడదు. మీరు కూర్చుంటే ఆయన నిలబడ్డాడా? అయితే టేపు పైకి జరగాలి. మీరు పదేళ్ల పిల్ల పాత్రలో ఉన్నారా? ఇంకా పైకి.

చూపు దిశ చాలామంది సరిగానే పెట్టుకుంటారు. తేడా వచ్చేది ఎత్తు దగ్గర. మొదటి మాటకి నాన్న ఆరడుగులు ఉంటాడు, కోపం వచ్చిన మాటకి అయిదడుగులు, ఏడుపు వచ్చేసరికి నేలమీద ఉంటాడు, ఎందుకంటే మనం తలదించేస్తాం. తల దించాలంటే దించొచ్చు, అది ఆయన చూపును తప్పించుకోవడం అవుతుంది. కానీ తిరిగి ఎత్తినప్పుడు కళ్లు అదే టేపు ముక్క మీదికి రావాలి. అలా రెండు మూడుసార్లు తప్పకుండా వచ్చాక, మీరు చూడని సమయంలో కూడా ఆయన అక్కడే ఉన్నాడని హాలు నమ్ముతుంది. అప్పుడు ఆయన వైపు వీపు పెట్టి నిలబడటమే ఒక పెద్ద డైలాగుతో సమానం.

జపాన్‌లో రకుగో అనే కథా ప్రదర్శన ఉంది. కథకుడు ఒకే చోట మోకాళ్ల మీద కూర్చుంటాడు, చివరిదాకా లేవడు. చేతిలో ఒక విసనకర్ర, ఒక చేతిగుడ్డ. అంతే. ఇద్దరు మాట్లాడుకుంటుంటే తల ఒకసారి కుడికి, ఒకసారి ఎడమకి తిప్పుతాడు. ఎవరు ఎటు చూస్తున్నారన్నదాన్నిబట్టి ఇద్దరిలో ఎవరిది పెద్దస్థానమో కూడా ప్రేక్షకులకి తెలిసిపోతుంది. వేషం మార్చడు, లేచి నడవడు. ఇంతమాత్రం తల తిప్పడంతో వందల ఏళ్లుగా నవ్విస్తున్నారు, ఏడిపిస్తున్నారు. మనకి ఇంతకంటే ఎక్కువ సరంజామా అక్కర్లేదు.

ఇప్పుడు ఆయనగా మారండి

ఒకవైపు సంభాషణ కుదిరాక, చూపు స్థిరపడ్డాకే ఈ భాగానికి రండి. తొందరపడితే మళ్లీ బొంగురు గొంతు దగ్గరికే పోతారు.

నాన్నగా మారడానికి ఒకే ఒక్క విషయం ఎంచుకోండి. గొంతు మాత్రం కాదు. ఆయన చేతులు ఎక్కడ పెట్టుకుంటాడు? బరువు ఏ కాలి మీద వేస్తాడు? మాట మొదలుపెట్టే ముందు ఏం చేస్తాడు? కొంతమంది మాటకి ముందు ఊపిరి తీసుకుంటారు, కొంతమంది కళ్లజోడు సర్దుకుంటారు, కొంతమంది ముందే తల అడ్డంగా ఊపి తర్వాత మాట్లాడతారు. ఆ ఒక్కటి చాలు. అమెరికా నటుడు జాన్ లెగుయిజామో 1998లో న్యూయార్క్ నాటకశాలల వీధి బ్రాడ్‌వేలో ఆడిన 'ఫ్రీక్'లో న్యూయార్క్‌లో పెరిగిన తన బాల్యాన్నీ తన కుటుంబాన్నీ ఒక్కడే చూపించాడు. ఒళ్లంతా విల్లులా వంచి, రెప్పపాటులో ఒకరినుంచి ఒకరికి దూకుతాడు. ఆ దారి మనకి ఇప్పుడు కాదు. దానికి వెనక చాలా ఏళ్ల స్టాండప్ అనుభవం ఉంది. అటు చివర 'ఐ యామ్ మై ఓన్ వైఫ్' ఉంది. డగ్ రైట్ రాసిన ఈ నాటకంలో నటుడు జెఫర్సన్ మేస్ ఒక్కడే ముప్ఫైకి పైగా పాత్రలు వేశాడు. ఒంటిమీద నల్లటి గౌను, మెడలో ముత్యాల దండ, అవి మారవు. 2004లో పులిట్జర్ బహుమతి వచ్చిన నాటకం అది. బట్టలు మార్చకుండానే ఇన్ని పాత్రలు నిలబడ్డాయంటే, మార్పు అంతా నిలుచోవడంలో, చూపులో, మాట నడకలో ఉందన్నమాట.

మాట నడక గురించి కొంచెం ఆగి చెప్పాలి. అమెరికా నటి అన్నా డెవీర్ స్మిత్ 1991లో న్యూయార్క్‌లోని క్రౌన్ హైట్స్‌లో నల్లజాతివాళ్లకీ యూదులకీ మధ్య జరిగిన గొడవల తర్వాత రెండువైపులవాళ్లనీ విడివిడిగా కలిసి మాట్లాడించింది. రికార్డు చేసిన ఆ మాటల్ని పొల్లుపోకుండా కంఠతా పట్టి, 1992లో 'ఫైర్స్ ఇన్ ద మిర్రర్' పేరుతో ఇరవైకి పైగా మనుషుల్ని ఒక్కతే ఆడింది. నసుగుడు, తడబాటు, మధ్యలో తెగిపోయిన వాక్యం, అన్నీ అలాగే. ఒక మాటను పదే పదే అంటుంటే ఆ మాటే నువ్వు అయిపోతుందని వాళ్ల తాత చిన్నప్పుడు చెప్పాడట. తన పద్ధతికి బీజం అదేనని ఆమె చెప్పుకుంది. మనిషి తడబడిన చోటే అతను బయటపడతాడన్నది ఆమె పట్టుకున్న కీలకం.

దాన్ని మీరు ఇలా వాడుకోండి. మీ ఇంట్లో పెద్దవాళ్లని అడిగి, వాళ్లకి తెలిసేలానే ఫోన్‌లో ఒక పది నిమిషాలు మాట్లాడించి రికార్డు చేయండి. దొంగచాటుగా వద్దు. వాళ్ల పెళ్లి గురించో, మొదటి ఉద్యోగం గురించో, వదిలివచ్చిన ఇంటి గురించో అడగండి. అందులో ఒక్క నిమిషం మాటల్ని అక్షరం పొల్లుపోకుండా రాయండి. "ఆఁ", "మరే", "అదేలే" అన్నవి కూడా. చదువుకున్నవాళ్లకి ఇది మహా కష్టం. చెయ్యి దానంతటదే వాక్యాలు సరిచేసేస్తుంది. సరిచేసిన ప్రతిచోటా మనిషి కొంచెం పోతాడు. ఆ నిమిషాన్ని కంఠతా పట్టి, మీ గొంతుతోనే చెప్పండి. గొంతు మారకపోయినా ఆ తడబాట్లు మిమ్మల్ని ఆయన దగ్గరికి తీసుకుపోతాయి.

ఇక మారే క్షణం. వరస ఇది: ముందు కళ్లు, తర్వాత ఒళ్లు, చివరికి గొంతు. మీ మాట పూర్తవగానే చూపు నాన్న చూసే దిక్కుకి మారాలి. మీరు కుడివైపు కొంచెం పైకి చూస్తుంటే, ఆయన ఎడమవైపు కొంచెం కిందికి చూస్తాడు. చూపు చేరాక భుజాలు, అప్పుడు మాట. మొదట్లో దీన్ని నత్తనడకన చేయండి. వేగం తర్వాత దానంతటదే వస్తుంది. హరికథ చూసినవాళ్లకి ఇది కొత్త కాదు. ఆదిభట్ల నారాయణదాసు బాటలో నడిచిన హరిదాసు రుక్మిణిగా కన్నీళ్లు పెట్టుకుని, మరుక్షణం కథకుడై చిరతలు మోగిస్తాడు. పాత్రలోకి వెళ్లడం ఎంత ముఖ్యమో, బయటికి వచ్చి మనకేసి చూడటం అంతే ముఖ్యమని ఆ కళ ఎప్పుడో తేల్చేసింది.

వినే క్షణం

అసలు పని ఇక్కడుంది. సుబ్బలక్ష్మి సన్నివేశాన్ని ఇప్పుడు రెండువైపులా రాద్దాం:

"ఎవరమ్మా లకీ?"

"నేనే నాన్నా. ఆఫీసులో అలాగే పిలుస్తారు."

"పూర్తిపేరు చెప్పలేదా?"

"చెప్పా. వాళ్లకి నోరు తిరగదు."

"ఎన్నిసార్లు చెప్పి చూశావు?"

చివరి ప్రశ్న నాన్నగా అన్నారు. ఇప్పుడు మీరు మళ్లీ కూతురు కావాలి. ఇక్కడ నూటికి తొంభైమంది చేసే పొరపాటు, కూతురి జవాబుతోనే కూతురిగా మారడం. అలా చేస్తే నాన్న మాట ఎవరికీ తగల్లేదు. అన్నది మీరే, తెలిసినదీ మీకే. నాన్నగా ఆ ప్రశ్న అడిగి, కళ్లు మార్చి, కూతురై, ఆ ప్రశ్నను అప్పుడే మొదటిసారి విన్నట్టు నిలబడాలి. ఒకే మనిషి తను విసిరిన రాయి తనకే తగిలించుకోవడం ఇది. ఆ రెండు మూడు క్షణాల్లో ఆమె ముఖం మీద ఏం జరుగుతుందో దానికోసమే హాలు టికెట్టు కొనుక్కుంది.

వినడం మీదే నాటకమంతా నిలబెట్టినవాడు ఐరిష్ నాటకకర్త శామ్యూల్ బెకెట్. 1958లో లండన్‌లో మొదటిసారి ఆడిన 'క్రాప్స్ లాస్ట్ టేప్'లో అరవైతొమ్మిదేళ్ల ముసలివాడు ఒంటరిగా కూర్చుని, ముప్ఫైతొమ్మిదేళ్ల వయసులో తను రికార్డు చేసుకున్న టేపు వింటాడు. చాలాసేపు వేదిక మీద జరిగేది అంతే. ఒక మనిషి తన పాత గొంతు వింటున్నాడు, చిరాకుపడుతున్నాడు, ఆపుతున్నాడు, వెనక్కి తిప్పి అదే ముక్క మళ్లీ వింటున్నాడు. నేను ఫలానా అని ఒకప్పుడు గట్టిగా నమ్మిన మనిషికీ, ఇప్పటి మనిషికీ మధ్య ముప్ఫై ఏళ్ల దూరం. ఆ దూరాన్ని చూపడానికి బెకెట్‌కి రెండో నటుడు అవసరం రాలేదు.

అభ్యాసం: పై అయిదు మాటల్నీ ఆడండి. మొదట జవాబుల మధ్య ఎంతసేపు పడితే అంతసేపు తీసుకోండి. పట్టించుకోవద్దు, సాగతీసినట్టున్నా ఫరవాలేదు. తర్వాత అదే వినడాన్ని సగం సమయంలో, ఆపైన అందులో సగంలో చేయండి. సమయం తగ్గాలి కానీ వినడం మాయం కాకూడదు. చివరికి రెప్పపాటులో విని జవాబు చెప్పగలగాలి, ఎందుకంటే ఇంట్లో గొడవలు అలాగే జరుగుతాయి.

నాన్నకి ఒక మంచి మాట ఇవ్వండి

"ఎన్నిసార్లు చెప్పి చూశావు?" అన్న ప్రశ్నకి కూతురి దగ్గర జవాబు లేదు. అది కావాలనే పెట్టాను. సొంత కథ రాసుకునేవాళ్లకి ఒక జబ్బు ఉంటుంది. వాళ్ల నాటకంలో అన్ని వాదనల్లోనూ వాళ్లే గెలుస్తారు. అమ్మ ఛాందసంగా ఉంటుంది, నాన్న మొండిగా ఉంటాడు, హీరో మాత్రం బాధపడుతూ సరైన మాట మాట్లాడతాడు. నిజజీవితంలో ఆ రోజు మీరు ఓడిపోయారు కాబట్టి వేదిక మీద కసి తీర్చుకుంటున్నారన్నమాట. ప్రేక్షకులు ఇది వెంటనే పసిగడతారు. మాట్లాడే అవకాశం లేని మనిషిని కొడుతున్నారనిపిస్తుంది. నిజానికి జరుగుతున్నదీ అదే.

అందుకే మీ ముక్కలో అవతలి మనిషికి, మీ దగ్గర జవాబు లేని మాట కనీసం ఒకటి ఉండాలి. ఉందా లేదా చూసుకోండి. లేకపోతే రాయండి. రాయడానికి ఏం తోచకపోతే, ఆ కాసేపు కాగితం మీద ఆ మనిషి వైపునుంచే ఒక ఉత్తరం మీకు రాసుకోండి. మూడో పేరాకల్లా ఏదో ఒకటి బయటపడుతుంది.

దానికి తర్వాత కూతురూ ఊరుకోనక్కర్లేదు. "నిన్ను ఆఫీసులో అందరూ రావుగారనే కదా నాన్నా పిలిచేవాళ్లు? నీ పేరేంటో ఎంతమందికి తెలుసు?" అని అడగొచ్చు. ఇప్పుడు వినాల్సిన వంతు నాన్నది. నాన్నగా మారి, ఆ మాట విని, ఏం మాట్లాడకుండా ఉండండి. ఇందాకటిదాకా తప్పొప్పుల గొడవగా ఉన్నది, పేరు వదిలేసుకున్న ఇద్దరు మనుషుల సంగతైపోయింది. ఆమె ఎవరు అన్న ప్రశ్న ఆయన ఎవరు అన్నదాకా పోయింది.

యాస విషయం కూడా ఇక్కడే చెప్పేస్తాను. అమ్మమ్మ యాసకి హాలు నవ్విందంటే, దేనికి నవ్విందో చూసుకోండి. ఆమె అన్న చమత్కారానికి నవ్వితే సరే. పలికిన తీరుకి నవ్వితే ఆ మాటను యాస లేకుండా ఒకసారి చెప్పి చూడండి. నవ్వు పోతే ఆ వాక్యాన్ని కొట్టేయండి. మొదట్లో నవ్వు పోగొట్టుకోవడం టెన్షన్‌గానే ఉంటుంది, అయినా కొట్టేయండి.

ఈ వారం పని

రోజుకి అరగంట చాలు. మొదటి రెండు రోజులు ఒకవైపు సంభాషణ మాత్రమే, ఫోన్‌తో. తర్వాత రెండు రోజులు గోడమీద టేపుతో, అవతలి మనిషిగా మారకుండా. అయిదో రోజునుంచి రెండువైపులా. రోజూ చివర ఒకసారి మాత్రం వీడియో తీసుకోండి. పదిసార్లు తీస్తే నటనకంటే వీడియో మీద ధ్యాస పెరుగుతుంది.

వీడియో చూడటానికి ఒక పద్ధతి ఉంది. ముందు మ్యూట్‌లో పెట్టి, మీ కథ తెలియని స్నేహితుడికి చూపించండి. ఎంతమంది ఉన్నారు, ఎవరు పెద్ద, ఎవరు చిన్న, ఎప్పుడు ఎవరికి బాధ కలిగింది అని అడగండి. చెప్పలేకపోతే లోపం చూపులోనూ ఎత్తులోనూ ఉంది, టేపు దగ్గరికి వెళ్లండి. తర్వాత ఫోన్ బోర్లా పెట్టి శబ్దం మాత్రం వినిపించండి. ఎవరి మాట ఎవరిదో తెలియకపోతే లోపం మాట నడకలో ఉంది, రికార్డు చేసి రాసుకున్న ఆ నిమిషం దగ్గరికి వెళ్లండి. రెండింటిలోనూ తెలిసినా మనసుకి ఏమీ తగలకపోతే వినే క్షణాన్ని మింగేస్తున్నారన్నమాట. ఎక్కువమందికి వచ్చేది ఈ మూడోదే.

ఇంట్లోవాళ్లకి ఈ ముక్క ఇప్పుడే చూపించకండి. ఎవరి గురించి రాశారో వాళ్లకైతే అసలే వద్దు. వాళ్ల ముఖం చూస్తూ ఆడితే వాళ్లని మెప్పించడానికో, నొప్పించడానికో ఆడతారు, రెండూ నటనను పాడుచేస్తాయి. బయట ప్రదర్శించే ముందు మాత్రం వాళ్లకి చెప్పాల్సి ఉంటుంది. పేర్లు, ఊళ్లు మార్చడం, వద్దన్నదాన్ని తీసేయడం, ఎక్కడిదాకా తీసేయొచ్చు, ఎక్కడ పట్టుబట్టాలి, వీటికి ఒక పాఠమంతా పడుతుంది. అది ఏడో పాఠం.

అయిదో పాఠం వస్తువుల గురించి. అప్పటికి మీ సన్నివేశంలో ఆ అవతలి మనిషి చేతిలో ఉండే వస్తువు ఒకటి, వీలైతే నిజంగా వాళ్లు వాడినదే, అడిగి తెచ్చి పెట్టుకోండి. కళ్లజోడు పెట్టె, తాళాల గుత్తి, పాత డైరీ, ఏదైనా సరే. ఒక కుర్చీ కూడా కావాలి, చేతులున్నది కాదు, మామూలుది.